ష్యూర్ అంటే ఎంత ష్యూర్?

ఈ నెల వచ్చిన ప్రశ్నలు చూస్తే సగానికి పైగా ఒకే గొడవ. ఇంగ్లీషువాళ్ళు నమ్మకాన్నీ అనుమానాన్నీ చెప్పడానికి వాడే విశేషణాలు, అదే స్కూల్లో అడ్జెక్టివ్స్ అని బట్టీ పట్టించారు కదా, ష్యూర్, సర్టెన్, లైక్లీ, డౌట్‌ఫుల్ ఆ బ్యాచ్ అంతా. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి తోసేసి ఈసారి పేజీ మొత్తం వీటికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: "హి ఈజ్ ష్యూర్ ఆఫ్ విన్నింగ్", "హి ఈజ్ ష్యూర్ టు విన్" రెండిటికీ అర్థం ఒకటేనని కోచింగ్‌లో చెప్పారు. పరీక్ష కీ చూస్తే వేరువేరుగా ఇచ్చారు. ఎవర్ని నమ్మాలి సార్? (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: కీనే నమ్ము తమ్ముడూ. మొదటిదాంట్లో గెలుస్తానన్న నమ్మకం వాడిది. ఊళ్ళో ఇంకెవ్వరికీ ఆ నమ్మకం ఉండక్కర్లేదు, డిపాజిట్ కూడా దక్కదని అందరికీ తెలుసు, అయినా నామినేషన్ వేసిన రోజు నుంచే మనవాడు ప్రమాణ స్వీకారానికి ఏ చొక్కా వేసుకోవాలా అని చూస్తుంటాడు, వాడు "ష్యూర్ ఆఫ్ విన్నింగ్". రెండోదాంట్లో నమ్మకం వాడిది కాదు, ఆ వాక్యం అంటున్న మనిషిది. కాండిడేట్ పాపం టెన్షన్‌తో నిద్ర మానేసి కూర్చున్నా సరే, బయట టీ కొట్టు దగ్గర ఒకాయన "వాడు గెలవడం ఖాయం" అంటున్నాడు చూడు, అది "ష్యూర్ టు విన్".

డౌట్ తీరాలంటే రెండూ ఒకే వాక్యంలో పెట్టి చూడు. "హి ఈజ్ ష్యూర్ ఆఫ్ విన్నింగ్ బట్ హి ఈజ్ ష్యూర్ టు లూజ్." రెండుసార్లూ అదే హి, రెండుసార్లూ అదే ష్యూర్, అయినా వాక్యంలో తిరకాసేం లేదు, ఎందుకంటే మొదటి ష్యూర్ వాడి బుర్రలో ఉంది, రెండోది మన బుర్రలో ఉంది. మనుషుల్ని తీసేసి వస్తువు పెడితే ఇంకా తేలిగ్గా దొరికిపోతుంది. "ద రూఫ్ ఈజ్ ష్యూర్ టు లీక్" శుభ్రంగా నడుస్తుంది, వర్షం వస్తే ఇల్లు కారడం ఖాయమని మనం అంటున్నాం. "ద రూఫ్ ఈజ్ ష్యూర్ ఆఫ్ లీకింగ్" అంటే మాత్రం పైకప్పు కూర్చుని ఆత్మవిశ్వాసంతో ఆలోచిస్తున్నట్టు ఉంటుంది.

సర్టెన్‌దీ ఇదే లెక్క. లైక్లీ, బౌండ్ ఈ రెండూ ఎప్పుడూ చెప్పేవాడి పక్షమే, సబ్జెక్టు గారి మనసులో ఏముందో వాటికి అక్కర్లేదు. కాన్ఫిడెంట్, కన్విన్స్‌డ్ అయితే రివర్సు, ఎవరి పేరు ముందుంటే నమ్మకం వాళ్ళదే. కాబట్టి ఈ మాటల్లో ఏది కనపడ్డా ముందు అడగాల్సింది ఎంత నమ్మకం అని కాదు, ఎవరి నమ్మకం అని. ఇంకో చిన్న ముక్క, పరీక్షలో ఇస్తుంటారు: "ఇట్ ఈజ్ సర్టెన్ దట్" అనొచ్చు, "ఇట్ ఈజ్ ష్యూర్ దట్" అనకూడదు.

ప్రశ్న: స్పీకింగ్ టెస్టులో "మై బ్రదర్ ఈజ్ పాజిబుల్ టు కమ్" అన్నాను, తప్పన్నారు. "లైక్లీ టు కమ్" కరెక్టట. రెంటికీ తేడా ఏంటో ఎవరూ చెప్పట్లేదు. (ఐఈఎల్‌టీఎస్ రాస్తున్న అమ్మాయి, నెల్లూరు)

జవాబు: లైక్లీ మనిషి పక్కన కూర్చుంటుంది, పాజిబుల్, ప్రాబబుల్ కూర్చోవమ్మా, వాటికి ముందు ఒక "ఇట్ ఈజ్" కావాలి. "ఇట్ ఈజ్ పాజిబుల్ దట్ మై బ్రదర్ విల్ కమ్." ఎందుకిలా అంటే గొప్ప కారణమేం లేదు, ఆ భాషలో అలా కుదిరిపోయింది అంతే. మనకి ఇది ఎక్కకపోవడానికి మాత్రం కారణం ఉంది. మనం అనుమానాన్ని క్రియ తోకకి తగిలిస్తాం. వస్తాడేమో, రావచ్చు, వచ్చేలా ఉన్నాడు, వస్తాడు కాబోలు, వస్తాడట. అన్న గురించి చెప్పాల్సిందంతా చెప్పేసి చివర్లో తీరిగ్గా ఒక "ఏమో" పడేస్తే పనైపోతుంది. ఇంగ్లీషులో అయితే వచ్చేది చెప్పకముందే దాని మీద నీకెంత నమ్మకముందో డిక్లేర్ చెయ్యాలి.

"హి ఈజ్ ఇంపాజిబుల్" అని సినిమాల్లో వింటారు కదా అంటావేమో, దానికి "వాడితో వేగలేం" అని అర్థం, సంభావ్యతతో సంబంధమే లేదు. "హి ఈజ్ ఇంపాజిబుల్ టు ప్లీజ్" కూడా కరెక్టే, కానీ అక్కడ మెప్పించేది వాడు కాదు, వాణ్ణి మెప్పించడం మన వల్ల కాదు అని. అన్నట్టు లైక్లీ చివర "లీ" ఉందని అడ్వెర్బ్ అనుకోకు, "లైక్లీ టు కమ్"లో అది అడ్జెక్టివే.

ప్రశ్న: అమెరికా క్లయింట్‌కి "ఐ హావ్ ఎ డౌట్ ఇన్ యువర్ డిజైన్" అని మెయిల్ పెట్టాను, చిన్న క్లారిఫికేషన్ కోసమే. అవతల మేనేజర్ కాస్త సీరియస్ అయ్యాడు. అదే మనిషి ఇంకోసారి మా ప్లాన్ చూసి "ఐ యామ్ నాట్ ష్యూర్ దిస్ ఈజ్ ద రైట్ అప్రోచ్" అన్నాడు, సరే ఆయనకి తెలీదేమో అని మేం పని మొదలుపెట్టేశాం, తర్వాత పెద్ద రచ్చ అయింది. వీళ్ళ భాష ఏంటండీ? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి)

జవాబు: రెండుసార్లూ ఒకే గుంటలో పడ్డారు, కాకపోతే రెండు వైపుల నుంచి. మన స్కూళ్ళలో డౌట్ అంటే ప్రశ్న. "సార్ డౌట్" అని చెయ్యెత్తితే అర్థం కాలేదు మళ్ళీ చెప్పండి అని, ఇది దేశమంతా వాడే ఇంగ్లీషే, ఇక్కడ తప్పేం లేదు. అమెరికాలో, బ్రిటన్‌లో మాత్రం డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. "ఐ డౌట్ ఇట్" అంటే "అలా అని నేననుకోను" అని, దాదాపు కాదన్నట్టే. అంటే మీరు ఆ మెయిల్లో మర్యాదగా "మీ డిజైన్ పనిచేస్తుందని నాకు నమ్మకం లేదు" అన్నారన్నమాట. ఆయన సీరియస్ అవడా మరి. "ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ ద డిజైన్" అనుంటే పోయేది.

ఇక "ఐ యామ్ నాట్ ష్యూర్". ఇది పైకి తెలీదు అన్నట్టు ఉంటుంది గానీ ఆఫీసుల్లో, మరీ ముఖ్యంగా బ్రిటిష్ వాళ్ళ నోట, చాలాసార్లు "ఇది నాకు నచ్చలేదు, ఆపండి" అని అర్థం. మొహం మీద "నో" అనడం మోటుగా ఉంటుందని వాళ్ళకో మెట్లవరస ఉంది. నాట్ ష్యూర్ అన్నారంటే మెత్తగా వద్దంటున్నారు. నాట్ కన్విన్స్‌డ్ అన్నారంటే మీరు చెప్పిన కారణాలు విన్నారు, సరిపోలేదు. స్కెప్టికల్ అంటే మొదట్నుంచీ నమ్మట్లేదు, రుజువు చూపిస్తే మారొచ్చు, ఇది సైంటిస్టులు కూడా గర్వంగా చెప్పుకునే మాట, తిట్టు కాదు. డౌట్‌ఫుల్ అంటే జరగదనే అనుకుంటున్నారు. డ్యూబియస్ దగ్గరికొచ్చేసరికి ఇక అనుమానం ఒక్కటే కాదు, అందులో ఏదో తేడా ఉందన్న వాసన కూడా కలుస్తుంది. "ఎ డ్యూబియస్ కంపెనీ" అంటే లాభాలొస్తాయో లేదో అని కాదు, ఆ కంపెనీ వాళ్ళ చేతులు శుభ్రంగా లేవని.

మరి నిజంగా తెలీక నాట్ ష్యూర్ అన్నాడా, వద్దని అన్నాడా ఎలా కనిపెట్టాలి? తర్వాత ఏముందో చూడండి. "ఐ యామ్ నాట్ ష్యూర్ వెదర్", "నాట్ ష్యూర్ వెన్", "నాట్ ష్యూర్ హౌ" ఇలాంటివి వస్తే సాధారణంగా తెలీకే. "నాట్ ష్యూర్ దిస్ ఈజ్", "నాట్ ష్యూర్ దట్స్ ఎ గుడ్ ఐడియా" ఇలా ఒక పూర్తి అభిప్రాయం వెనకాల వచ్చిందంటే బ్రేకు వెయ్యండి, "వాట్ వుడ్ యు ప్రిఫర్" అని అడగండి.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. ఈ పండక్కి వస్తారా అని అడిగితే "ప్రెటీ ష్యూర్ అమ్మా" అంటుంది. సగం పిండివంటలు చెయ్యమంటారా, మొత్తం చెయ్యమంటారా? (ఒక తల్లి, తెనాలి)

జవాబు: హహ, చెయ్యండి గానీ టికెట్లు బుక్ చేశారా అని ఒకసారి కనుక్కుని చెయ్యండమ్మా. ప్రెటీ ష్యూర్ అనేది ష్యూర్ కన్నా ఎక్కువ అనుకుంటాం, కాదు, తక్కువ. "దాదాపు ఖాయమే, తేడా వస్తే మాత్రం నన్ననొద్దు" అన్నంత. ఫెయిర్లీ ష్యూర్ ఇంకో మెట్టు కింద. "పాజిటివ్" అంటే మాత్రం వందకి వంద, "ఐ యామ్ పాజిటివ్" అన్నారంటే ఇంక తిరుగు లేదు.

ఇంతకన్నా విచిత్రం ఒకటుంది, భాషాశాస్త్రం వాళ్ళు ఎప్పట్నుంచో చెప్తున్నదే. "వియ్ ఆర్ కమింగ్" అనే ఉత్త వాక్యానికి ఉన్న బలం "ఐ యామ్ ష్యూర్ వియ్ ఆర్ కమింగ్"కి ఉండదు. ష్యూర్ అని చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే ఎక్కడో ఒక మూల ప్రశ్న ఉన్నట్టు కదా. మనకీ అంతే, "వాడొచ్చాడు" అనడానికీ "వాడొచ్చే ఉంటాడు, నాకు గట్టి నమ్మకం" అనడానికీ తేడా లేదూ. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ, నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళు వాన గురించి రాసేటప్పుడు ఇది అక్షరాలా పాటిస్తారు. 20 శాతం అవకాశం ఉంటే "స్లైట్ ఛాన్స్" అని రాస్తారు, 30 నుంచి 50 దాకా ఉత్త "ఛాన్స్", 60, 70 అయితే "లైక్లీ". 80 నుంచి పైకి వెళ్తే ఏ మాటా తగిలించరు, "రెయిన్" అని రాసి ఊరుకుంటారు. మీ అమ్మాయి కూడా ప్రెటీలూ ష్యూర్లూ మానేసి "ఫలానా తారీకు దిగుతున్నాం" అన్న రోజున అరిసెల పాకం పట్టండి.

ప్రశ్న: ఇంగ్లీషు పేపర్లు, రిపోర్టులు చదువుతుంటే లైక్లీ, వెరీ లైక్లీ, ప్రాబబుల్, సీరియస్ పాజిబిలిటీ అని వస్తుంటాయి. ఇవి ఊరికే వాడేస్తారా, వీటికి కొలతలేమైనా ఉన్నాయా? (గ్రూప్స్ ప్రిపేర్ అవుతున్న అభ్యర్థి, అనంతపురం)

జవాబు: ఈ నెల ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే, కాస్త ఎక్కువే రాస్తా ఓపిగ్గా చదవండి.

మామూలు మాటల్లో కొలతల్లేవు. దానివల్ల ఎంత గందరగోళం అవుతుందో గట్టిగా పట్టుకుని రచ్చచేసిన మనిషి షెర్మన్ కెంట్, అమెరికాలో యేల్ యూనివర్సిటీలో చరిత్ర పాఠాలు చెప్పి తర్వాత అక్కడి గూఢచారి సంస్థ సీఐఏలో అంచనాలు రాసే విభాగంలో చేరాడు. 1951లో వాళ్ళ విభాగం ఒక రిపోర్టు ఇచ్చింది, సోవియట్ కూటమి ఆ ఏడు యుగోస్లావియా మీద దాడి చెయ్యడం "సీరియస్ పాజిబిలిటీ" అని. కొన్నాళ్ళకి విదేశాంగ శాఖ పెద్దమనిషి ఒకాయన మాటల మధ్యలో, ఇంతకీ సీరియస్ పాజిబిలిటీ అంటే మీ ఉద్దేశంలో ఎంతండీ అని అడిగాడు. కెంట్ తన లెక్క చెప్పాడు, 65కి 35, దాడి జరిగే వైపే మొగ్గు అని. అవతలాయన కంగుతిన్నాడు, ఆయనా ఆయన మనుషులూ అంతకన్నా చాలా తక్కువ అనుకుని చదివారట. సరే అని కెంట్ వెనక్కొచ్చి, ఆ రిపోర్టు కలిసి రాసిన సొంత టీమునే ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకరు 20కి 80 అన్నారు, ఇంకొకరు 80కి 20 అన్నారు, మిగతావాళ్ళు ఆ మధ్యలో ఎక్కడెక్కడో. అంటే అందరూ ఒకే మాట మీద తలూపి సంతకం పెట్టారు గానీ ఒక్కొక్కరి తలలో ఒక్కో యుద్ధం.

1964లో ఆయన దీని మీద వ్యాసం రాసి ఒక పట్టిక ఇచ్చాడు. ఆల్మోస్ట్ సర్టెన్ అంటే 93 శాతం, ఓ 6 అటూఇటూగా. ప్రాబబుల్ అంటే 75, ఓ 12 అటూఇటూగా. ఇలా కింద దాకా. ఆఫీసులో అందరూ ఒప్పుకోలేదు, మాకేమైనా గుర్రప్పందేలా అన్నట్టు కొందరు విసుక్కున్నారు, ఆయన మాత్రం పట్టు వదల్లేదు. నా మటుకు నాకు కెంట్ పక్షమే సబబు, ఎందుకంటే 1961లో జరిగింది చూడండి. క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడికి ముందు అమెరికా సైన్యాధికారులు ఆ ప్లానుని పరిశీలించి, అది నెగ్గడానికి "ఫెయిర్ ఛాన్స్" ఉందని రాశారు. రాసినాయన మనసులో ఉన్నది మూడు వంతులు ఓడిపోతామనే. ఫెయిర్ అంటే ఏమంత బాలేదు అని ఆయన లెక్క. చదివినవాళ్ళకి ఫెయిర్ అంటే ఫర్లేదు, బానే ఉంది అన్నట్టు తోచింది. దాడి జరిగింది, మూడు రోజుల్లో చిత్తయింది. ఒక్క విశేషణం వల్లే ఓడిపోయారని ఎవరూ అనరు గానీ అక్కడ ఒక అంకె రాసుంటే అప్పటి అధ్యక్షుడు కెన్నడీ ఇంకో రెండు ప్రశ్నలైనా అడిగుండేవాడేమో.

ఇప్పుడు ఈ పని బాగా పద్ధతిగా చేసేది వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి వేసిన ఐపీసీసీ, మీ సిలబస్‌లోనూ ఉంటుంది. వాళ్ళ రిపోర్టుల్లో లైక్లీ అని కనిపిస్తే అది 66 శాతం పైన. వెరీ లైక్లీ 90 పైన, ఎక్స్‌ట్రీమ్లీ లైక్లీ 95 పైన, వర్చువల్లీ సర్టెన్ 99 పైన. కిందికొస్తే అన్‌లైక్లీ అంటే 33 లోపు. ఇది తెలిసి వాళ్ళ పాత రిపోర్టులు వరసపెట్టి చూస్తే భలే ఉంటుంది. భూమి వేడెక్కడంలో మనిషి చెయ్యి ఉందా అన్న ఒక్క ప్రశ్నకి 1995లో వాళ్ళ జవాబు, మనిషి ప్రభావం "డిసర్నిబుల్", అంటే పోల్చుకోవచ్చు అనేంత. 2001లో లైక్లీ. 2007లో వెరీ లైక్లీ. 2013లో ఎక్స్‌ట్రీమ్లీ లైక్లీ. 2021లో వచ్చిన రిపోర్టులో లైక్లీల గోలే లేదు, "అన్‌ఈక్వివోకల్" అన్నారు, రెండో మాటకి తావు లేదని. పాతికేళ్ళ పరిశోధన ఎంత ముందుకెళ్ళిందో ఆ ఐదు విశేషణాలు చూస్తే తెలిసిపోతుంది. మెయిన్స్‌లో వాతావరణం మీద వ్యాసం వస్తే ఈ వరస రాయండి, బావుంటుంది.

ప్రశ్న: ఇంగ్లీషు డెస్కులో ట్రైనీగా చేరాను. క్రైమ్ వార్తల్లో ఎలెజ్డ్ ఎక్కడ పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో రోజూ తిట్లే. సోకాల్డ్, అపారెంట్ కూడా కాస్త చెప్పండి. (జర్నలిజం ట్రైనీ, విజయవాడ)

జవాబు: తెలుగు డెస్కులో నిందితుడు, దోషి అని తేడా చూపిస్తారు కదా, ఎలెజ్డ్ చేసే పని అలాంటిదే. "ఈ మాట నేనట్లేదు, ఇంకెవరో అంటున్నారు" అని. ఎవరి నమ్మకం అన్న ప్రశ్నకి ఇక్కడ జవాబు మూడో మనిషి, పోలీసో, ఫిర్యాదు ఇచ్చినవాళ్ళో. అందుకే నిజంగా అనుమానం ఉన్న ముక్క ముందే పెట్టాలి. ఒంటి నిండా కత్తిపోట్లతో శవం దొరికితే హత్య ఎలెజ్డ్ కాదు, హత్య జరిగింది, చేశాడంటున్నవాడే ఎలెజ్డ్. దెబ్బలు తిని ఆస్పత్రిలో ఉన్న మనిషిని "ఎలెజ్డ్ విక్టిమ్" అని రాస్తే ఆ దెబ్బలే అబద్ధమన్నట్టు ఉంటుంది, చదివేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. ఇంకోటి, ఎలెజ్డ్ ఎప్పుడూ నామవాచకానికి ముందే, "ద థీఫ్ ఈజ్ ఎలెజ్డ్" అనకూడదు. అది పెట్టేస్తే కేసు పడదు అన్న ధీమా కూడా వద్దు, ఇంగ్లండ్ పరువునష్టం చట్టంలో ఒకరు చేసిన ఆరోపణని తిరిగి అచ్చువేసినవాడూ చేసినవాడితో సమానమే.

సోకాల్డ్ అలా కాదు, దాంట్లో మీ వెక్కిరింత కూడా ఉంటుంది. "సోకాల్డ్ ఎక్స్‌పర్ట్" అంటే వాడు ఎక్స్‌పర్టూ కాదు నా మొహమూ కాదు అని మీరే అంటున్నట్టు. వార్తలో వద్దు, ఎడిట్ పేజీలో మీ ఇష్టం.

అపారెంట్ కొంచెం టక్కుది. "ఇట్ ఈజ్ అపారెంట్ దట్" అంటే స్పష్టంగా కనబడుతోంది అని. అదే నామవాచకం ముందుకొచ్చి "ఎన్ అపారెంట్ సూసైడ్" అయితే పైకి అలా కనిపిస్తోంది, ఇంకా తేలలేదు అని. రాజవంశాల వార్తల్లో ఇంకో మెలిక, అక్కడ "ఎయిర్ అపారెంట్" అంటే ఎవరు పుట్టినా స్థానం కదలని వారసుడు, "ఎయిర్ ప్రిజంప్టివ్" అంటే ప్రస్తుతానికి వారసుడు, ఇంకెవరైనా పుడితే పక్కకి జరగాల్సిందే. ఎలిజబెత్ రాణి 1936 నుంచి 1952లో తండ్రి పోయేదాకా ప్రిజంప్టివే, తమ్ముడు పుట్టుంటే ఆవిడ రాణి అయ్యేదే కాదు. ఆవిడ సింహాసనం ఎక్కిన క్షణాన మూడేళ్ళ ఛార్లెస్ మాత్రం నేరుగా అపారెంట్ అయిపోయాడు, తర్వాత 70 ఏళ్ళు అలాగే ఉన్నాడనుకోండి అది వేరే సంగతి.

కోర్టు వార్తలు రాస్తారు కాబట్టి ఇదీ గుర్తుపెట్టుకోండి, "బియాండ్ రీజనబుల్ డౌట్", అంటే సబబైన అనుమానానికి తావు లేకుండా, అని మనం రాసే చోట ఇంగ్లండ్ జడ్జీలు ఇప్పుడు జ్యూరీకి తేలిక మాటల్లో, నేరం చేశాడని మీరు "ష్యూర్" అయితేనే దోషి అనండి అని చెప్తున్నారు.

ప్రశ్న: నవలల్లో "ఎ సర్టెన్ మేన్" అని వస్తుంది. సర్టెన్ అంటే కచ్చితం కదా, కచ్చితమైన మనిషి ఏంటి? (గృహిణి, వరంగల్)

జవాబు: ఎవరో ఒకాయన అండీ, అంతే. మనిషి ముందు పెడితే సర్టెన్‌లో కచ్చితం పోతుంది. "సర్టెన్ పీపుల్" అంటే, పేర్లు చెప్పను గానీ కొందరున్నార్లే అని మనం తోటికోడలు వినేలా అంటామే, అది. "సర్టెన్ డెత్" అంటే మాత్రం చావు ఖాయమే. అలాగే "ఎ లైక్లీ స్టోరీ!" అని ఎవరైనా అంటే నమ్మారని కాదు, కట్టుకథలు ఆపు అని.

ప్రశ్న: యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది, "ఐ యామ్ అఫ్రెయిడ్ యువర్ అప్లికేషన్ ఈజ్ అన్‌లైక్లీ టు బి సక్సెస్‌ఫుల్ దిస్ ఇయర్" అని. ఆవిడ ఎందుకు భయపడుతోంది? అన్‌లైక్లీ అన్నారంటే ఇంకా కొంచెం ఛాన్స్ ఉన్నట్టేనా? (బీటెక్ ఫైనలియర్, కాకినాడ)

జవాబు: ఆవిడకి భయమేం లేదు బాబూ. అఫ్రెయిడ్ అంటే ఇక్కడ "చెప్పడానికి బాధగా ఉంది గానీ" అని, తర్వాత వచ్చేది చెడ్డ కబురని ముందే ఒక దండం. ఇక అన్‌లైక్లీ, ఇందాక చెప్పిన ఐపీసీసీ లెక్కలు ఇక్కడ వెయ్యకు, అడ్మిషన్ల వాళ్ళకి పట్టికలుండవు. ఇంకా అధికారికంగా తిరస్కరించలేదు కాబట్టి "నో" అనలేక ఆ మాట వాడారు, తొంభై పాళ్ళు లేదనే అనుకో. "దిస్ ఇయర్" అన్నారు చూడు, ఆ రెండు ముక్కలే నీకు పనికొచ్చేవి. వచ్చే ఏడాదికి ఏం తగ్గిందో చెప్పమని మర్యాదగా ఒక మెయిల్ పెట్టు, అందులో "ఐ హావ్ ఎ డౌట్" అని మాత్రం రాయకు, ఈలోపు వేరే యూనివర్సిటీల డెడ్‌లైన్లు చూసుకో.